నాలుగో గడి పైన రాసిన మాట

2023 జూలై 9, ఆదివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, తెల్లబోర్డు మీద గీసిన పట్టికలో నాలుగో గడి పైన నేను "షరా" అని రాశాను. ఆ గదిలో గోడ గడియారం సరిగ్గానే నడుస్తోంది. దానికి కొత్త బ్యాటరీ వేసింది కూడా నేనే. తర్వాత జరిగిందంతా ఆ రెండక్షరాల నుంచి వచ్చింది. అదెలా వచ్చిందో ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైనంత వరకు వరసగా రాస్తాను.

నేను ఆనేకల్ తాలూకా కచేరీలో రెండో దర్జా గుమాస్తాగా చేరి, మొదటి దర్జాలో ఉండగా రిటైరయ్యాను. చేసిందంతా భూముల రికార్డు పని. పహణీ తీసినా, మ్యుటేషన్ రిజిస్టరు తీసినా చివరి గడి పేరు షరా. భూమి ఎవరిది, ఎంత, ఎలా వచ్చింది అని రాశాక ఇంకా చెప్పాల్సిన మాట మిగిలితే అందులో రాయాలి. "వారసులు హాజరు కాలేదు." "నకలు చూపలేదు." "తర్వాత చేర్చవలెను." ఏమీ లేకపోతే అడ్డగీత పెట్టాలి. ఖాళీగా వదిలితే మా శిరస్తేదారు ఒప్పుకునేవాడు కాదు, ఖాళీ గడిలో రేపు ఎవడైనా ఏదైనా రాసుకుంటాడు అనేవాడు. కన్నడంలో రాసినా తెలుగులో రాసినా ఆ మాట చూడ్డానికి ఒక్కలాగే ఉంటుంది. "షరా మామూలే" అని అందరం అంటాం కదా, అందులో ఉన్నదీ ఇదే షరా.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగు. నమాజు అరబ్బీలో, పోట్లాట తెలుగులో, ఉద్యోగం కన్నడంలో నడిచాయి. ఉర్దూ నాకు బస్సు టిక్కెట్టు కొనుక్కునేంత కూడా రాదు.

ఇప్పుడు నేను నా కూతురితో పాటు సర్జాపుర రోడ్డు మీద ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. అక్కడ గ్రంథాలయం అని ఒక గది ఉంది. మా పైన రెండో అంతస్తులో ఉండే ఒకావిడ అనంతపురం వైపు కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైంది. మా భవనాల్లో తెలుగు పెద్దవాళ్ళను పోగుచేసి ఆదివారం ఆదివారం భారత రాజ్యాంగం చదివిద్దామన్న ఆలోచన ఆవిడదే. మేము పన్నెండు మందిమి. అందరం ఆవిడను టీచరమ్మ అనేవాళ్ళం. నా దస్తూరి చూసి, గీతలు స్కేలు లేకుండానే తిన్నగా వస్తాయని చూసి, బోర్డు రాసే పని నాకిచ్చింది. నాకంటే ఆరేళ్ళు చిన్నది. నన్ను "గుమాస్తక్కా" అని పిలిచేది. కచేరీలో ఎవరైనా గుమాస్తా అంటే నాకు ఒళ్ళు మండేది. ఆవిడ నోట అది బాగుండేది. ఆ మార్కరు నా చేతిలో ఉన్నంతసేపు నేను రిటైరైనట్టు అనిపించేది కాదు. ఆదివారం కోసం శుక్రవారం నుంచే చూసేదాన్ని.

ఆ రోజుల్లో పత్రికల నిండా ఉమ్మడి పౌరస్మృతి గొడవ. మేమూ ఆదేశిక సూత్రాల దగ్గరికే వచ్చి ఉన్నాం. నలభై నాలుగో అధికరణం చదివాక, మాలో ఒకాయన, బ్యాంకు మేనేజరుగా చేసినాయన, ఒక ప్రశ్న వేశాడు. ముస్లిములు ఎక్కువగా ఉన్న దేశాలు తమ రాజ్యాంగంలో మతాన్ని ఎలా రాసుకున్నాయి? అక్కడ ఇస్లాం చెప్పినదానికి, పార్లమెంటు చేసినదానికి పొత్తు ఎలా కుదురుతుంది? అడిగింది టీచరమ్మను. చూసింది మాత్రం నా వైపు. పక్కన ఆనేకల్‌లో పట్టు వ్యాపారం చేసిన పెద్దాయన చూపుతో ఆగకుండా అడిగేశాడు.

"అవునక్కా, మీ దేశాల్లో ఎట్ల ఉండాది?"

"నా దేశం సర్జాపుర అప్పా. బస్సెక్కితే అరగంట."

అందరూ నవ్వారు. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. టీచరమ్మ పట్టిక వేద్దామంది. నాలుగు గడులు చెప్పింది: దేశం, రాజ్యాంగంలో ఉన్నది, తేల్చేది ఎవరు, ఇంకేమైనా ఉంటే రాసుకోవడానికి ఒకటి. ఆ చివరిదానికి ఆవిడ పేరు చెప్పలేదు. నాకు చెప్పాల్సిన అవసరమూ లేదు. షరా అని రాశాను.

ఆవిడ చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. పాకిస్తాన్‌లో ఖురాను, ప్రవక్త సంప్రదాయం చెప్పినదానికి విరుద్ధంగా చట్టం ఉండకూడదు. బంగ్లాదేశ్‌లో రాజ్యమతం ఇస్లాం అని ఉంది, అదే రాజ్యాంగంలో లౌకికత్వం కూడా ఒక మూలసూత్రంగా ఉంది. మలేషియాలో సమాఖ్య మతం ఇస్లాం, ముస్లిముల పెళ్ళి, వారసత్వం లాంటి మతపరమైన సంగతులు రాష్ట్రాల చేతిలో. ఇండోనేషియాలో ఒక్క దేవుడి మీద నమ్మకం పునాది, ఆ దేవుడిది ఏ మతమో మాత్రం రాయలేదు. టర్కీలో అంతా దాదాపు ముస్లిములే, రాజ్యం లౌకికం.

నాకు అక్కడే చిక్కు మొదలైంది. గడి అంటే ఒక జవాబు పట్టే చోటు. పాకిస్తాన్ వరుసలో "తేల్చేది ఎవరు" అన్న గడిలో పార్లమెంటు, దానికి సలహా చెప్పే ఒక మండలి, చట్టాన్ని పరిశీలించే ఒక ప్రత్యేక కోర్టు, మూడూ రాయమంది. మూడింటిలో చివరి మాట ఎవరిదని అడిగాను. "అదే వాళ్ళ దేశంలో ఇన్నేళ్ళ నుంచి జరుగుతున్న తగువు" అంది. బంగ్లాదేశ్ వరుసలో రెండు మాటలు ఒకదాని పక్కన ఒకటి రాశాను. ఒకటి కొట్టేయాలేమో అని మార్కరు ఎత్తిపట్టుకుని ఆవిడ వైపు చూశాను. రెండూ ఉండనీ అంది. మా కచేరీలో ఒకే సర్వే నంబరుకు ఇద్దరు హక్కుదారులు వస్తే, విచారణ అయ్యేదాకా కాగితం కదిలేది కాదు. దేశాలు మాత్రం కదులుతున్నట్టున్నాయి.

అప్పుడు పట్టు వ్యాపారి మళ్ళీ అడిగాడు, ఇంతకీ షరియా అంటే ఆడవాళ్ళకు అన్యాయమే కదా అని. నాకు మతంలో తెలిసిందల్లా లెక్క. అదే చెప్పాను. మా నాన్న పోయినప్పుడు మా అమ్మ, ఇద్దరు అన్నలు, నేను మిగిలాం. మత ధర్మం ప్రకారం అమ్మకు ఎనిమిదో వంతు, మిగిలినది అన్నలకు రెండేసి పాళ్ళు, నాకు ఒకటి. అంటే నాకు నలభైలో ఏడు. అదే మా పక్క చేను హిందువుల చట్టం మాకు ఉంటే నలుగురికీ సమానం, నలభైలో పది. నాకు వచ్చింది ఒక చీర. అన్నలు మత ధర్మం అనలేదు, దేశం చట్టం అనలేదు, "ఊరి మామూలు" అన్నారు. కాబట్టి నాకు ఏడు పోయిందని ఏడవాలా, పది రాలేదని ఏడవాలా అన్నది ఈనాటికీ తేలలేదు.

సాగుభూమికి ఆ వంతులు వర్తిస్తాయా లేదా అన్న దగ్గర ఇంకో మెలిక ఉందని టీచరమ్మ మొదలుపెట్టింది. నేను దండం పెట్టాను.

చివరి వరుస భారతదేశం. రాజ్యమతం లేదు, వ్యక్తిగత చట్టాలు వేరువేరు, నలభై నాలుగో అధికరణం అందరికీ ఒకటి తెచ్చే ప్రయత్నం చేయమంటుంది, అని రెండో గడి నింపాను. మూడో గడిలో పార్లమెంటు, కోర్టులు. నాలుగో గడి దగ్గర టీచరమ్మ ఆగింది. అప్పటికే తలుపు బయట బొమ్మలు వేయడం నేర్చుకునేవాళ్ళు వచ్చి నిలుచున్నారు.

"ఇది పై వారం చేర్చుకుందాంలే" అంది.

ఖాళీగా వదలడం నాకు చేతకాదు. "తర్వాత చేర్చవలెను" అని రాసి, మార్కరు అక్కడే పెట్టేసి, మూత చేతిలోనే పట్టుకుని ఇంటికి వచ్చాను.

మధ్యాహ్నం నిద్రలేచేసరికి మా కూతురు ఫోను చూసి నవ్వుతోంది. బోర్డుకు ఎవరో ఫొటో తీసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మూడు చోట్ల ఎర్ర గీతతో సున్నా చుట్టారు. భారతదేశం. షరా. తర్వాత చేర్చవలెను. తెలుగు రానివాళ్ళ కోసం కింద ఇంగ్లిషులో అర్థం రాశారు: ఇండియాలో షరియా తర్వాత తెస్తారట. సాయంత్రానికి మా కూతురు నవ్వడం లేదు. ఇవాళ్టికి కిందకు నడకకు వెళ్ళొద్దంది. ఎందుకని అడిగాను. ఊరికే అంది.

మర్నాడు కమిటీ కార్యదర్శి వచ్చాడు. విజయవాడ అబ్బాయి, కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం, చెప్పులు బయట విడిచి మర్యాదగా కూర్చున్నాడు. నేను మొత్తం విడమరిచి చెప్పాను. అది కచేరీ షరా, కోర్టు షరా, తెలుగు కన్నడాల్లో ఎప్పటినుంచో ఉన్న మాట, దాని అర్థం రిమార్కు. అతను తల ఊపుతూనే ఉన్నాడు.

"ఆంటీ, మీ ఇంటెన్షన్ మాకు తెలుసు. బట్ ఇది పర్సెప్షన్ ఇష్యూ."

"మీ ఫ్లాటు కింద ఉండే భూమి పహణీలో కూడా షరా ఉండాది అప్పా. అది రాసింది నేనే అయినా అయ్యుండొచ్చు."

అతను గబుక్కున తలుపు వైపు చూశాడు.

"ప్లీజ్ ఆంటీ, ఇది ఇంకెక్కడా అనకండి."

అదే రాత్రి వర్తూరు నుంచి ఫోను. మా ఆయనకు పినతండ్రి కొడుకు, నాకు మరిది, అక్కడి మసీదులో పెద్దమనిషి. ఆ ఫొటో ఆయన దాకా చేరింది. మనవాళ్ళే నన్ను అర్థం చేసుకుంటారని ఊపిరి పీల్చుకునేలోపే ఆయన కోపం వినబడింది. షరియాను మావాళ్ళు షరా అనే అంటారు, దాన్ని "తర్వాత" అని ఎలా రాశానంటాడు. అది ఎప్పుడూ ఉన్నదే కదా, తర్వాత చేర్చడానికి మనమెవరం అంటాడు. ఒకళ్ళకు నేను దాన్ని తెస్తున్నాను, ఇంకొకళ్ళకు దాన్ని వాయిదా వేస్తున్నాను. ఆయనకూ మొదటినుంచి చెప్పాను. విన్నాక కాస్త చల్లబడి, ఆ రెండూ అరబ్బీలో వేరువేరు మాటలని వివరించాడు. ఒకటి దేవుడు ఇచ్చిన ధర్మం. దాని చివర గొంతు అడుగు నుంచి ఒక శబ్దం వస్తుంది. రెండోది మూలానికి రాసిన వివరణ, టీక. దాని చివర బరువైన హకారం. మన కచేరీ షరా ఆ రెండోది. రెండూ పలికి వినిపించాడు, నన్నూ పలకమన్నాడు. మూడుసార్లు ప్రయత్నించాను, మూడోసారి దగ్గు వచ్చింది.

"నువ్వు రెండూ ఒకటే అంటాండావు వదినా."

"తెలుగులో రెండూ ఒకటే కదప్పా. చివర శబ్దాలు దోవలోనే పడిపోయినాయి."

ఆయన నవ్వాడు. నాకు బోర్డు గుర్తొచ్చింది, మూడో గడి గుర్తొచ్చింది. అడిగాను. "అయితే ఆ దేశాల వాళ్ళు రాజ్యాంగంలో పెట్టుకుండేది ఏది? దేవుడిచ్చిన షరానా, దానికి మనుషులు రాసిన షరానా?"

అవతల కుక్కరు కూత వినిపించింది. రెండో కూత కూడా వినిపించింది.

"అది నన్ను అడిగేది కాదులే వదినా" అని, ఆరోగ్యం జాగ్రత్త అని పెట్టేశాడు.

ఆ ప్రశ్న నాకెందుకు వచ్చిందో నాకు తెలియదు. ఆ వారమంతా అది నన్ను వదల్లేదు. అన్నం వండుతూ ఆలోచించాను. దేవుడిచ్చిందే అంటే దాన్ని చదివి చెప్పేవాడు ఒకడు కావాలి, వాడు చెప్పేది టీక అవుతుంది. ఒట్టి టీకే అంటే దాన్ని మార్చుకోవచ్చు, మరి దేవుడి పేరు ఎందుకు పెట్టుకోవడం? అటు తిప్పినా ఇటు తిప్పినా కూడిక సరిపోవడం లేదు. ఇది చెప్పుకోవడానికి నాకున్న మనిషి ఒక్కతే. ఆవిడ ఆ వారం లిఫ్టులో కూడా కనబడలేదు.

శనివారం సాయంత్రం ఆవిడే వచ్చింది. కాఫీ వద్దంది. ఎప్పుడూ వద్దనదు. కమిటీ రెండు షరతులు పెట్టిందట. తరగతి సాగాలంటే ఈ విషయం ఎత్తకూడదు, బోర్డు నేను రాయకూడదు.

"మొదటిది చచ్చినా ఒప్పుకోనన్నాను అక్కా. ఏమి చదవాలో వాళ్ళు చెప్పేదేంది?"

"రెండోది?"

ఆవిడ కప్పు లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుంది. కొన్ని వారాలేనని, బ్యాంకాయన రాస్తాడని, గడి పేరు "గమనిక" అని మారుద్దామని, పట్టిక పూర్తిచేయడమే ముఖ్యం కదా అని, ఒకదాని వెనక ఒకటి చెప్పింది. పేరు మారిస్తే నేను రాసింది ఆ షరానే అని ఒప్పుకున్నట్టు కాదా అని అడిగాను.

"నేను రాసిన దాంట్లో తప్పు ఎక్కడుండాదో చెప్పు."

"తప్పు లేదక్కా. ఉంటే దిద్దుకుని ఉందుము."

సరే అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు కూడా చెప్పలేను. పట్టిక పూర్తి కావాలన్న ఆశే అనుకుంటాను. ఆ చివరి గడిలో ఆవిడ ఏం చెబుతుందో వినాలని ఉండింది. చేయి ఎవరిదైతేనేం అనుకున్నాను.

జూలై 16న వెళ్ళి చివరి కుర్చీలో కూర్చున్నాను. బోర్డు తుడిచేసి ఉంది. నా పక్క కుర్చీలో, ఎన్నడూ రాని కార్యదర్శి కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి నమస్కారం పెట్టాడు. టీచరమ్మ లోపలికి వచ్చి అతన్ని చూసింది. సంచిలోంచి కాగితాలు తీసి, కొన్ని మళ్ళీ సంచిలో పెట్టింది. ఇవాళ పంచాయతీల గురించి చెప్పుకుందాం అంది.

పట్టు వ్యాపారికి ఇవేమీ పట్టవు. "టీచరమ్మా, పోయిన వారం పట్టిక ఏమాయె?" అని అడిగాడు.

"అది తర్వాత."

"తర్వాత చేర్చవలెనా?"

గదంతా నవ్వింది. కార్యదర్శి కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, అది నిజంగానే మంచి మాట. నవ్వు ఆగాక బ్యాంకాయన బోర్డు మీద గ్రామసభ అని రాశాడు. అక్షరాలు పోనుపోను కిందికి జారిపోయాయి.

తరగతి అయ్యాక లిఫ్టులో మేమిద్దరమే ఉన్నాం. నాకు కోపం రావాలి. షరతుల్లో ఒకటి ఒప్పుకోనన్నది, అది కూడా ఒప్పుకుంది. నన్ను వదులుకుని దక్కించుకున్నదాన్ని గంటలోపే పారేసింది. కానీ కోపం రాలేదు, మొదట ప్రశ్నే వచ్చింది. భారతదేశం వరుసలో ఆ గడిలో ఏం రాయించాలనుకున్నావని అడిగాను.

ఆవిడ అంకెల వైపు చూస్తూ ఉంది. నా అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది. నేను దిగకుండా కాలు అడ్డం పెట్టాను.

"నాకూ తెలీలేదక్కా. అందుకే పై వారం అన్నా."

"తెలీదనే రాయించొచ్చు కదా."

"రాయించొచ్చు. అప్పుడు తోచలేదు."

తలుపు నా కాలికి తగిలి వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. దిగాను. మరిది చెప్పిన రెండు మాటల సంగతి ఆవిడకు చెప్పాలనుకున్నాను, అప్పటికి లిఫ్టు పైకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా నేను ఆదివారాలు వెళ్ళాను. ముందు ఇద్దరు మానేశారు, ఆ ఇద్దరిని చూసి ఇంకొందరు. కారణం ఎవరూ చెప్పలేదు, మోకాళ్ళ నొప్పి అన్నారు. గొడవ పడినవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఎదురైతే అందరూ మర్యాదగానే పలకరిస్తారు. టీచరమ్మ నన్ను "మీరు" అంటోంది. మొదటిసారి విన్నప్పుడు వెనక ఎవరైనా ఉన్నారేమో అని తిరిగి చూశాను.

ఉమ్మడి చట్టం మంచిదా కాదా, మతం పేరు రాజ్యాంగంలో ఉన్న దేశంలో న్యాయం ఎక్కువా తక్కువా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఆ ఆదివారానికి ముందుకంటే నాకు తక్కువ తెలుసు. ఒక్క నలభైలో ఏడు మాత్రం తెలుసు, అది కూడా చేతికి రాలేదు. ఇదంతా రాసి పెడితే ఎక్కడో ఒకచోట తేలుతుందేమో అని మొదలుపెట్టాను. తేలలేదు.

కాబట్టి పోయినవి రాసి ముగిస్తాను. పట్టిక ఒకటి, నాలుగు గడులు, ఆరు వరుసలు, చివరి గడి నిండనిది. తరగతికి వచ్చే పన్నెండు మందిలో ఏడుగురు. నవంబరు నుంచి ఆదివారం ఆ గది, ఇప్పుడు అందులో చదరంగం నేర్పుతున్నారు. నల్ల మార్కరు ఒకటి, మూత మాత్రం నా దగ్గర ఉంది. గుమాస్తక్కా అన్న పిలుపు.